ఇంటికి వచ్చిన కొలువు

“ఉద్యోగం పురుష లక్షణం” అన్న మాట తెలుగునాట చిన్నపిల్లలకు కూడ కంఠస్థమే. కాని ఆ మాటలోని ఉద్యోగానికి సంస్కృతంలో జీతం లేదు, కుర్చీ లేదు, హాజరుపట్టీ లేదు. ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధానికి ముందు జరిగిన ప్రయత్నాల కథయే గాని, ఎవరో కొలువులో చేరిన కథ కాదు. కాలక్రమాన తెలుగువారు ఆ పదాన్ని జీతపు పనికే పరిమితం చేసుకొన్నారు. దానికి జంటగా నిలిచిన “కొలువు” అన్న పదం ప్రభువుల సభను సూచిస్తుంది. కొలువు తీరిన చోటికి సేవకుడు పోవలసినదే తప్ప, కొలువు వచ్చి సేవకుని గుమ్మంలో నిలవదు. కచేరి అన్న మాటకూ ఇదే రీతి. పని ఒకచోట, మనిషి మరొకచోట, నడుమ ఒక ప్రయాణం అనే భావం ఈ విధంగా భాషలోనే పాతుకొన్నది. పనికి పోవడం, ఆఫీసుకు పోవడం అంటాము. ఆ “పోవడం” లేనిదే పని లేదని అందరూ నమ్మారు.

ఈ నమ్మకం ఎంత బలమైనదో అనకాపల్లిలో తెల్లవారుజామున తెలుస్తుంది. రైల్వేస్టేషనులోను, జాతీయ రహదారిమీద బస్సులు ఆగే చోట్లను జనం గుమిగూడి ఉంటారు. విశాఖపట్నం ఇక్కడికి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకరు గాజువాకకు, ఒకరు పరవాడకు, ఒకరు అచ్యుతాపురానికి, మరొకరు నగరంలోని ఆఫీసుకు బయలుదేరతారు. చేతిలో అన్నపు కారియరు, కళ్ళలో తీరని నిద్ర. చీకటిపడిన తరువాత అదే దారిన తిరిగి వస్తారు. అంతకంటె దూరం పోయినవారు హైదరాబాదులోను, బెంగళూరులోను ఉండి సంక్రాంతికి వస్తారు. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లాకేంద్రమైనది. అయినా చదువుకొన్న పిల్లలు ఊరు విడవడం ఆగలేదు. “మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడండీ” అని తల్లిదండ్రులు చెప్పే మాటలో గర్వమూ, దిగులూ రెండూ వినిపిస్తాయి.

2020వ సంవత్సరం ఈ నమ్మకాన్ని ఒక్కసారిగా కదిలించినది. అంతవరకు కొద్దిమందికే పరిచితమైన “వర్క్ ఫ్రమ్ హోమ్” అన్న ఇంగ్లీషు మాట పల్లెలలోని ముసలమ్మల నోట కూడ పలికినది. ఇంటినుంచి పనిచేయడం, పనివేళలను కొంతవరకు తానే నిర్ణయించుకోవడం అనే రెండు ఏర్పాట్లు నాటినుంచి పెద్ద చర్చకు పాత్రమయినవి. వీటి మేలు ఎంత? ఆ మేలు ఎవరికి దక్కుతుంది? ఏ షరతులమీద దక్కుతుంది? ఈ ప్రశ్నలను విచారించడానికి అనకాపల్లి సీమ మిక్కిలి తగినది. పని మనిషి దగ్గరికి రావడం ఈ సీమకు కొత్త కాకపోవడమే అందుకు కారణం.

చేను గట్టున గానుగ

అనకాపల్లి అనగానే బెల్లం స్ఫురిస్తుంది. దేశంలోని పెద్ద బెల్లపు మార్కెట్లలో ఇక్కడిది ఒకటి. చెరకు పరిశోధనకై 1913లోనే ఇక్కడ ఒక కేంద్రం నెలకొన్నది. చెరకుకు ఒక స్వభావమున్నది. గడ నరికిన తరువాత దానిలోని తీపి నిలకడగా ఉండదు. గంటలు గడిచిన కొలది రసంలోని పంచదార విరిగి, బెల్లానికి పనికిరాని స్థితికి దిగజారుతుంది. కనుక నరికిన గడను ఒక్కరోజు లోపల ఆడించడం మంచిదని వ్యవసాయశాస్త్రం చెబుతుంది. ఇంకొక సంగతి: చెరకు బరువులో దాదాపు పదోవంతు మాత్రమే బెల్లంగా తేలుతుంది. తక్కినది నీరు, పిప్పి.

రైతు ఈ రెండు సంగతులూ అనుభవంతో ఎరిగి గానుగను చేను గట్టునకే తెచ్చుకొన్నాడు. అక్కడనే పొయ్యి త్రవ్వి, పెనం ఎక్కించి, ఎండిన పిప్పినే మంటకు వాడి, రసం కాచి, దిమ్మలు కట్టి, తయారయిన సరుకును మాత్రమే బజారుకు తోలాడు. పది బండ్ల చెరకు దారి పట్టవలసిన చోట ఒక్క బండి బెల్లం పోతే సరిపోయినది. కదపడానికి ఏది తేలికయో దానినే కదపవలెను, బరువయినదానిని ఉన్నచోటనే ఉంచవలెను అన్నది ఇందులోని సూత్రం. దూరంనుంచి పనిచేసే ఏర్పాటుకు మూలసూత్రం సరిగా ఇదే. లెక్కలూ, ఉత్తరాలూ, పటాలూ తంతిమీద క్షణంలో పోగలిగినప్పుడు, నిండు మనిషిని రోజుకు అరవై కిలోమీటర్లు త్రిప్పడం చెరకును పిప్పితో సహా బజారుకు తోలడం వంటిదే.

ఈ జిల్లాలోనే, యలమంచిలి చేరువను, వరాహానది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే కదిలినది. మెత్తని అంకుడుకర్రను తరిమెనమీద త్రిప్పుతూ, ఉలితో రూపుదిద్ది, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను అదిమి పట్టుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. పసుపు, జాఫ్రాగింజలు, నీలి మొదలయిన సహజ ద్రవ్యాలనుంచి రంగులు తీసే పద్ధతిని పునరుద్ధరించి, పనివారిని ఒక త్రాటిమీదికి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించినది.

బొమ్మల విషయం అటుంచి పనివాని దినచర్యను గమనించితే ప్రస్తుతాంశం స్పష్టమవుతుంది. తన ఇంటనో, ఇంటికి ఆనుకొని వేసిన పాకలోనో తరిమెన నిలుపుకొన్న పనివానికి ఎండ ముదరక ముందు కొంత, చల్లబడిన తరువాత కొంత పనిచేసుకొనే వీలున్నది. ఇంట పెళ్ళి ఉన్నా, చేను కోతకు వచ్చినా పని ఆగుతుంది. పండుగ ముందు గిరాకీ పెరిగితే రాత్రి కూడ సాగుతుంది. పిల్లలు చూస్తూ చూస్తూ పని నేర్చుకొంటారు. ఎన్ని గంటలు కూర్చున్నావని అతనిని అడిగేవారు లేరు. ఎన్ని బొమ్మలు, ఎట్టి బొమ్మలు అన్నదే ప్రశ్న.

పూర్వం తెలుగునాట చాలా వృత్తులు ఇట్లాగే సాగినవి. నేతగాని మగ్గం గుంట ఇంట్లోనే. కంసాలి కుంపటి ఇంటి ముంగిటనే. కుమ్మరి సారె పెరటిలోనే. ఉపాధ్యాయులు తమ వృత్తి చరిత్రను తలచుకొంటే అదే కనిపిస్తుంది. వీధి అరుగుమీద పిల్లలను కూర్చోబెట్టి, ఇసుకలో ఓనమాలు దిద్దించిన పంతులుగారికి బడి వేరే లేదు, ఇల్లే బడి.

ఇల్లూ పనీ విడిపోయిన కథ

మరి ఇల్లూ పనీ ఎప్పుడు వేరుపడినవి? ఆవిరియంత్రం వచ్చినప్పుడు. ఒక పెద్ద యంత్రపు ఇరుసునుంచి పట్టాల ద్వారా నూరు మరలకు చలనం అందవలెనంటే ఆ నూరు మరలూ ఒకే కప్పుక్రింద ఉండవలెను. వాటిని నడిపే మనుషులందరూ ఒకే గంటకు రావలెను. మిల్లు కూత అట్లా పుట్టినది. ఆఫీసు కూడ అదే బాటను నడిచినది. దస్తరాలు ఒకే బీరువాలో ఉన్నంతకాలం గుమాస్తాలు ఆ బీరువా చుట్టూ కూర్చోవలసినదే. శక్తి ఒకచోట, కాగితం ఒకచోట బంధింపబడి ఉండడమే మనిషిని బంధించినది. విద్యుచ్ఛక్తి ఇంటింటికీ వచ్చినది; దస్తరం కంప్యూటరులోనికి ప్రవేశించి తంతిమీద నడవడం నేర్చినది. కారణం పోయినా అలవాటు మాత్రం మిగిలినది.

అలవాటును మొదట కొంచెం సడలించినది పశ్చిమ జర్మనీ. మ్యూనిక్ నగర సమీపాన ఓటోబ్రున్‌లోని ఒక విమాననిర్మాణ సంస్థ 1967లో తన సిబ్బందికి రాకపోకల వేళలలో స్వేచ్ఛ ఇచ్చినది. అందరూ ఒకే సమయాన గేటు దగ్గర పోగై, దారులు క్రిక్కిరిసి, ఆలస్యాలు పెరగడం దీనికి ప్రేరణ. నడుమ కొన్ని గంటలు అందరూ ఉండితీరవలెను. తక్కిన గంటలను ముందో వెనుకో ఎవరి వీలునుబట్టి వారు పూర్తిచేసుకోవచ్చును. ఈ పద్ధతి త్వరలోనే ఐరోపా దేశాలలో వ్యాపించినది. 1973లో అమెరికాలో జాక్ నిలెస్ అనే శాస్త్రజ్ఞుడు మరొక అడుగు ముందుకు వేశాడు. లాస్ ఏంజిలస్ రహదారులమీద గంటలకొలది నిలిచిపోయే మోటారుకార్లను చూసి, పనివానిని పని దగ్గరికి తోలడంకంటె పనిని పనివాని దగ్గరికి పంపడం మేలని వాదించి, ఒక భీమా సంస్థ సిబ్బందితో ప్రయోగం చేయించాడు. ఆ ఏడాదియే చమురు ధరలు మండిపోయి ఆయన వాదానికి బలం చేకూర్చినవి. అయినా యజమానుల మనస్సు మారలేదు. కంటి ఎదుట లేనివాడు పనిచేస్తున్నాడని నమ్మడమెట్లా? ఈ ఒక్క అనుమానం దాదాపు అర్ధశతాబ్దం అడ్డుపడినది.

2020 మార్చి 25న దేశమంతటా రాకపోకలు స్తంభించినప్పుడు ఆ అనుమానానికి తావులేక పోయినది. నమ్మినా నమ్మకున్నా పని ఇంటినుంచే జరగవలెను. హైదరాబాదు, బెంగళూరు అద్దె గదులను ఖాళీచేసి పిల్లలు స్వగ్రామాలకు చేరారు. అమ్మమ్మ గదిలోని పాత బల్ల ఆఫీసు అయినది. అమెరికా ఖాతాదారుతో మాట్లాడే మనుమడి వెనుక కోడికూత వినిపించినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2025 నాటికి తమ సిబ్బందిలో నాల్గవవంతు మంది మాత్రమే ఆఫీసునుంచి పనిచేస్తే చాలునని 2020లో ప్రకటించినది. కేంద్ర టెలికాం శాఖ 2020 నవంబరులో ఇటువంటి పనికి అడ్డుగా ఉన్న నిబంధనలను సడలించినది. ప్రత్యేక ఆర్థిక మండలాలలోని సంస్థలలో సగంమంది వరకు ఇంటినుంచి పనిచేయవచ్చునని 2022 జూలైలో నియమం వెలువడినది. కాని అల వచ్చినంత వేగంగాను వెనుకకు తీసినది. 2023లో అదే టాటా సంస్థ అందరినీ ఆఫీసుకు రమ్మన్నది. మరెన్నో సంస్థలు అదే బాట పట్టినవి. హైదరాబాదు అద్దెలు మళ్ళీ పెరిగినవి, అనకాపల్లి గదులు మళ్ళీ ఖాళీ అయినవి.

మేలు ఎంత?

ఈ ఎదురుబొదురు ప్రవాహాల నడుమ నిలిచి చూడదగిన ప్రయోగం ఒకటి చైనాలో జరిగినది. షాంఘైలోని ఒక ప్రయాణ ఏర్పాట్ల సంస్థ 2010 చివర, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి, ఇంటినుంచి పనిచేయగోరిన అర్హులైన 249 మందిని రెండు పాయలుగా చేసినది. సరిసంఖ్య తేదీలలో పుట్టినవారిని వారానికి నాలుగు రోజులు ఇంటినుంచి పనిచేయమన్నారు. బేసిసంఖ్యలలో పుట్టినవారిని ఆఫీసులోనే ఉంచారు. పుట్టిన తేదీనిబట్టి విభజించడంలో తెలివి ఉన్నది: ఒకవైపున చురుకైనవారూ, మరొకవైపున మందకొడివారూ పోగుపడరు. తొమ్మిది నెలల పిదప చూస్తే ఇంటివారి పని 13 శాతం ఎక్కువగా తేలినది. అందులో అధికభాగం విరామాలూ, జబ్బు సెలవులూ తగ్గడంవలన వచ్చినదే. సంస్థను విడిచిపోయేవారి సంఖ్య సగానికి పడిపోయినది. ఇదే సంస్థలో 2021–22లో 1,612 మందిమీద మరొక ప్రయోగం జరిగినది. ఈసారి వారానికి రెండురోజులు మాత్రమే ఇల్లు, తక్కినవి ఆఫీసు. పని నాణ్యతలోను, పదోన్నతులలోను తేడా కనిపించలేదు. ఉద్యోగం మానుకొనేవారు మాత్రం మూడవవంతు తగ్గారు. ముఖ్యంగా స్త్రీలలోను, దూరంనుంచి వచ్చేవారిలోను ఈ మార్పు హెచ్చుగా కనిపించినది. కంటి ఎదుట లేనివాడు పనిచేయడన్న అనుమానానికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

ఇక కాలం సంగతి. 27 దేశాలలోని పనివారిని విచారించి 2023లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, ఇంటినుంచి పనిచేసిన రోజున మనిషికి సగటున 72 నిమిషాల ప్రయాణం తప్పుతుంది. నెలకు 25 పనిదినాలని లెక్కవేస్తే 30 గంటలు. ఆ మిగిలిన కాలంలో దాదాపు 40 శాతాన్ని జనం తిరిగి పనికే వెచ్చించారని కూడ ఆ పరిశోధన చెప్పినది. తక్కినది విశ్రాంతికి, ఇంటివారి ఆలనాపాలనలకు పోయినది. తండ్రి ముఖం పిల్లవాడు మెలకువగా ఉండగా చూడడం, సాయంత్రం పాఠం ఒప్పజెప్పించుకోవడం, ముసలితల్లిని ఆసుపత్రికి తీసుకొనిపోవడం వంటివి జీతపు కాగితంలో కనిపించవు. కాని సంసారం నిలిచేది వీటిమీదనే. తరగతిలో వెనుకబడిన పిల్లవాని ఇంటి పరిస్థితి విచారించిన ఉపాధ్యాయునికి ఈ 30 గంటల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ మేలు స్త్రీల విషయంలో మరింత గట్టిది. కాలేజీలో మొదటి వరుసలో నిలిచిన ఆడపిల్ల, ఉద్యోగంలో చేరి పేరు తెచ్చుకొని, తొలికానుపుతో దానిని వదలిపెట్టడం ప్రతి వీధిలోను కనిపించేదే. ఆమెకు తెలివి తగ్గలేదు. రోజుకు మూడు గంటల ప్రయాణమూ, పసిబిడ్డా ఒక చేతిలో ఇమడలేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 12 వారాలనుంచి 26 వారాలకు పెంచడమే గాక, పని స్వభావం అనుమతించినచో సెలవు ముగిసిన తరువాత ఇంటినుంచి పనిచేయడానికి యజమానితో ఒప్పందం చేసుకోవచ్చునని చెప్పినది. అనుమతి ఉన్నది గాని హక్కు కాదు. యజమాని కాదంటే అంతే. అయినా ఒక తలుపు తెరుచుకొన్నది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, విశేషించి స్త్రీల కొరకు ఇంటినుంచి పనిచేసే అవకాశాలను రాష్ట్రంలో విస్తరింపజేస్తామని, పట్టణాలలోను మండలాలలోను పనికేంద్రాలు నిర్మించేవారికి ప్రోత్సాహం ఇస్తామని ప్రకటించారు.

ఊరికి కలిగే మేలు మూడవది. హైదరాబాదులో సంపాదించిన జీతం హైదరాబాదు ఇంటద్దెకే పోతుంది. అదే జీతం అనకాపల్లిలో వెచ్చించితే కూరగాయల దుకాణానికి, దర్జీకి, మందుల షాపుకు, బడికి చేరుతుంది. చదువుకొన్నవారు ఊరిలో నిలిచితే గ్రంథాలయానికి ఒక పాఠకుడు, పాఠశాలకు ఒక పూర్వవిద్యార్థి, సభకు ఒక శ్రోత మిగులుతారు. పల్లెటూళ్ళకు చౌకగా ఇంటర్నెట్టు అందించే ఉద్దేశంతో 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఆరంభమయినప్పుడు ఈ ఆశ కూడ దానితో ముడిపడి ఉన్నది. తీగ వచ్చినంతమాత్రాన కొలువు రాదు. కాని తీగ రానిదే కొలువు రావడానికి దారియే లేదు.

నాణెం రెండవ ముఖం

ఇంతవరకు చెప్పినది ఒక ముఖమే. ఇంటికి పని రావడమే మేలయితే తెలంగాణలో బీడీలు చుట్టే స్త్రీలు అందరికంటె సుఖంగా ఉండవలసినది. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో వేలాది ఇండ్లలో తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, దారం చుట్టే పని గుమ్మం దాటకుండనే జరుగుతున్నది. వేళలన్నీ ఆమెవే, పొయ్యిమీద అన్నం ఉడుకుతుండగా చేటలో బీడీలు కూడుకొంటాయి. కాని వెయ్యింటికి ఇంత అని కూలి నిర్ణయించేది ఆమె కాదు. చుట్టిన వాటిలో కొన్నిటిని నాసిరకమని త్రోసిపుచ్చితే ప్రశ్నించే తోడు ప్రక్కన లేదు. ఆమె దగ్గే దగ్గు ఏ కర్మాగారపు తనిఖీ పుస్తకంలోనూ ఎక్కదు. ఇంటిలో బీడీలు చుట్టేవారిని కూడ కార్మికులుగా గుర్తించడానికి 1966లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చినది. 1972లో అహమ్మదాబాదులో ఎలా భట్ స్థాపించిన స్వయం ఉపాధి మహిళల సంఘం ఇటువంటి స్త్రీల కొరకే పోరాడినది. ఇంటిపని చేసే కూలీల హక్కులను గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడికను ఆమోదించినది.

ఏటికొప్పాక తరిమెననూ, ఈ చేటనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. రెండూ ఇంటిలోనివే, రెంటికీ గంటల నిర్బంధం లేదు. ఒకచోట పనివానికి నైపుణ్యమూ, దాని వెనుక సహకారమూ, వస్తువుకు పేరూ ఉన్నవి. మరొకచోట ఇవేవీ లేవు. కనుక మేలు ఇంటి గోడలలో లేదు. పనిమీదను, ధరమీదను, కాలంమీదను పనివానికి ఎంత అధికారమున్నదన్న దానిలో ఉన్నది. కంప్యూటరు ముందు కూర్చున్నవాని విషయమూ అంతే. రాత్రి పదకొండు గంటలకు ఫోను మ్రోగితే తీయక తప్పని ఉద్యోగి ఇంటినుంచి పనిచేయడం లేదు, ఆఫీసులోనే కాపురముంటున్నాడు. ఇది గ్రహించియే ఫ్రాన్సు 2017లో పనివేళల అనంతరం సందేశాలకు జవాబు చెప్పకుండే హక్కును చట్టంలో చేర్చినది. పోర్చుగల్ 2021లో విశ్రాంతివేళలలో ఉద్యోగిని పిలవడం యజమాని తప్పుగానే పరిగణించినది.

ఏకాంతం మరొక చిక్కు. షాంఘై ప్రయోగం ముగిసిన పిదప ఇల్లు, ఆఫీసులలో ఏది కావలెనో కోరుకోమన్నప్పుడు, ఇంటినుంచి పనిచేసినవారిలో దాదాపు సగంమంది తిరిగి ఆఫీసుకే పోయారు. ఒంటరితనాన్ని వారు ముఖ్య కారణంగా చెప్పారు. పని హెచ్చుగా చేసినా, అదే స్థాయిలో పనిచేసిన ఆఫీసువారితో పోల్చితే పదోన్నతి వారికి అరుదుగా దక్కినది. “కంటికి దూరమైతే మనసుకూ దూరం” అన్న సామెత కచేరీలలో కూడ నిజమే. కొత్తగా చేరినవాడు ప్రక్కనున్న పెద్దవారిని చూసి నేర్చుకొనే విద్య మరొకటి ఉన్నది; అది తంతిమీద రాదు. రెండు మూడు రోజులు ఇల్లు, తక్కిన రోజులు ఆఫీసు అనే మధ్యేమార్గం ఎక్కువమందికి నచ్చడానికి కారణం ఇదే.

ఉపాధ్యాయులకు ఈ పరిమితి స్వానుభవమే. 2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినవి. ఫోనులలో తరగతులు నడిచినవి. పాఠం పోయినది గాని బడి పోలేదు. ఇంటికి ఒకే ఫోనున్న చోట అన్నకు క్లాసు ఉంటే చెల్లెలికి లేదు. తండ్రి కూలికి పోతూ ఫోను పట్టుకొని పోతే ఇద్దరికీ లేదు. వెనుక వరుసలో తలవంచుకొన్న పిల్లవాని ముఖం చూసి పాఠం మళ్ళీ మొదలుపెట్టే విద్య తెరమీద సాగలేదు. ఆ ఏడాది నవంబరులో పెద్ద తరగతులు తిరిగి తెరిచినప్పుడు గురువులూ, శిష్యులూ పొందిన సంతోషం దూరవిద్యకు వ్రాసిన విమర్శ వంటిది. అన్ని పనులూ దూరంనుంచి జరిగేవి కావు. జరగవలసినవి కూడ కావు.

అచ్యుతాపురం ఆర్థిక మండలంలో వేలాది స్త్రీలు దుస్తులు కుట్టే పనికి చుట్టుపట్ల గ్రామాలనుంచి బస్సులలో వెళ్ళి వస్తున్నారు. ఆ మరలు ఇంటికి రావు. చేను గట్టున పెనం దగ్గర నిలిచినవాడు ఇంటినుంచి రసం కాచలేడు. వీరిని విడిచి, బల్లముందు కూర్చొనేవారికే సడలింపు అంటే సమాజంలో ఒక కొత్త వర్ణం ఏర్పడుతుంది. ఇక్కడనే మ్యూనిక్ పాఠం పనికివస్తుంది. స్థలం మారకపోయినా వేళ మారవచ్చును. ఇద్దరు తమలో తాము పాళీలు మార్చుకోవడానికి అనుమతి, పిల్లవాని పరీక్షనాడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి మరొకనాడు పూడ్చుకొనే వీలు, పని పట్టీని ఒక పక్షం ముందుగా తెలియజేయడం — ఇవి యంత్రాలను కదపకుండనే చేయదగినవి. ఇంటినుంచి పనిచేసే సౌకర్యం కొందరికే సాధ్యం. మనిషి కాలానికి మర్యాద ఇవ్వడం అందరి విషయంలోను సాధ్యం.

కావలసినవి

ఈ విచారణ అంతటినుంచి తేలే అంశాలు కొన్ని ఉన్నవి. ఇంటినుంచి పనిచేసేవానికి ఆఫీసువానితో సమానమైన జీతమూ, సమానమైన పదోన్నతీ ఉండవలెను. పని ముగిసే గంట స్పష్టంగా ఉండవలెను. కరెంటుకు, కుర్చీకి, ఇంటర్నెట్టుకు అయ్యే ఖర్చులో యజమాని వాటా వహించవలెను. ఇంటిలో ప్రత్యేకమైన గది లేనివారికి, ముఖ్యంగా ఇంటిపనికీ ఆఫీసుపనికీ నడుమ నలిగిపోయే స్త్రీలకు, ఊరిలోనే నడిచిపోగల దూరంలో పదిమంది కలిసి కూర్చొనే పనికేంద్రం ఉండవలెను. అటువంటి కేంద్రం ఒంటరితనానికి కూడ మందు. ప్రభుత్వం ప్రకటించిన పట్టణ, మండల పనికేంద్రాలు నిజంగా వెలసి నిలిచినప్పుడు వాటి అసలు ప్రయోజనం ఇదే కాగలదు.

విద్యార్థులు గ్రహించవలసినది ఒకటున్నది. పర్యవేక్షకుడు తలపైన లేనప్పుడు పనిచేయడం చదువువంటిదే. ఎవరూ చూడకపోయినా తెల్లవారుజామున పుస్తకం తెరిచినవానికి అది అబ్బుతుంది. చెప్పదలచినదానిని నాలుగు వాక్యాలలో తేటగా వ్రాయగలగడం, మాట ఇచ్చిన వేళకు పని అప్పగించడం, తెలియనిదానిని సిగ్గుపడక అడగడం దూరపు కొలువుకు ముఖ్యమైన అర్హతలు. ఇవి కంప్యూటరు నేర్పేవి కావు, బడిలో నేర్వవలసినవి. హాజరుపట్టీతో కొలవలేని చోట మనిషిని కొలిచేది అతని పూనికయే. అప్పుడు ఉద్యోగమన్న మాట తన పాత అర్థానికే తిరిగి చేరుతుంది.

అనకాపల్లి స్టేషనులో రేపు తెల్లవారుజామున కూడ జనం నిలిచి ఉంటారు. వారిలో కొందరు పోకతప్పదు. పోయి చేయవలసిన పని వారిది. కాని అక్కడ నిలువనక్కరలేనివారు, అలవాటువలననే నిలిచినవారు ఎంతమందియో ఉన్నారు. చేను గట్టుకు గానుగను తెచ్చుకొన్న రైతు వేసిన లెక్క పెద్దదేమీ కాదు. ఆ లెక్కను వారి విషయంలో కూడ వేయగలిగితే, ఆ గుంపులోనుంచి ఒక తల్లి ఇంటికి మళ్ళి, బడికి పోయే బిడ్డకు తన చేతితో జడ వేసి పంపగలుగుతుంది.